చుక్కలో ఇనుము

మా చెల్లెలు చనిపోయిందని దాని కూతురికి ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదని కూర్చుని అనుకున్నదీ లేదు. ఆసుపత్రి నుంచి మనిషిని ఇంటికి తెచ్చిన పొద్దున, పిల్లని ఎదురు ఫ్లాటు వాళ్ళింటికి పంపేశారు. వాళ్ళు దానికి టిఫిను పెట్టి, టీవీలో బొమ్మలు పెట్టి, తలుపు దగ్గరగా వేశారు. మా వైపు శ్మశానానికి ఆడవాళ్ళు వెళ్ళరు. పిల్లల్నయితే ఆ ఛాయలకే రానివ్వరు. సాయంత్రం దాన్ని వెనక్కి తెచ్చేసరికి ఇల్లు కడిగేసి ఉంది. హాల్లో ఒక మూల దీపం వెలుగుతోంది. అది గదులన్నీ తిరిగి చూసి వచ్చి, "అమ్మేదీ?" అంది. అంతమంది పెద్దవాళ్ళం ఉన్నాం, ఒక్కరికీ నోరు పెగల్లేదు.

మా అమ్మ లేచి, దాని చెయ్యి పట్టుకుని మేడ మీదకి తీసుకెళ్ళింది. వెనకాలే నేనూ వెళ్ళాను.

మేం అద్దెకుంటున్నది పెదవాల్తేరులో. మా డాబా మీద నుంచి చూస్తే రెండు అపార్ట్‌మెంట్ల మధ్యన సముద్రం ఒక చీర వెడల్పున కనిపిస్తుంది. అప్పుడే మసక పడుతోంది. నీళ్ళకి కాస్త పైన పచ్చగా, పెద్దగా ఒక దీపం వెలుగుతోంది. మా అమ్మ దాన్నే చూపించింది.

"మీ యమ్మ సుక్కైపోనాదే అమ్మీ. అదిగో, సముద్రం మీద. సూడు, ఎంత ఎలుగో."

అది ఓడ. రేవులో ఖాళీ లేనప్పుడు బొగ్గు ఓడలూ ఖనిజం ఓడలూ బయట సముద్రంలో లంగరు వేసుకుని వంతు కోసం కాచుకుంటాయి, చీకటి పడగానే దీపాలు పెట్టుకుంటాయి. విశాఖపట్నంలో పుట్టిన పిల్లలకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మా అమ్మది విజయనగరం అవతల పొలాల మధ్య ఊరు. చెల్లెలికి జబ్బు చేశాకే ఆవిడ ఇక్కడికొచ్చింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ఉన్నాయి, ఆపరేషన్ వాయిదా పడుతూ వస్తోంది. ఆ కళ్ళకి ఓడ మీదున్న దీపాలన్నీ కలిసిపోయి ఒకే చుక్కలా కనబడ్డాయి.

నాకు ఊరుకోవడం చేతకాదు. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతాను. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు గ్రహణం గురించి తప్పు మాట్లాడుకుంటుంటే కల్పించుకుని సరిదిద్ది, నా స్టాపు దాటిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. అలాంటిదాన్ని ఆ సాయంత్రం నోరు మూసుకుని నిలబడ్డాను. పిల్ల ఆ దీపాన్ని చూసి చెయ్యి ఊపింది. కిందికి దిగొచ్చి, పొద్దుట్నుంచీ ముట్టని అన్నం తింది. పెరుగు కూడా అడిగి వేయించుకుంది. మా అమ్మ వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇక రోజూ అదే. బడి నుంచి వస్తుంది, హోంవర్క్ చేస్తుంది, మసక పడగానే మేడెక్కుతుంది. ఆ దీపంతో బడి కబుర్లన్నీ చెబుతుంది. ఎవరు కొట్టారో, టీచరు ఎవరిని బెంచీ ఎక్కించిందో, జడ ఈ రోజు పెద్దమ్మ వేసిందని, గట్టిగా లాగిందని. నా మీద ఫిర్యాదులే ఎక్కువ. చెప్పడం అయ్యాకే కిందికొచ్చి అన్నం తింటుంది. మా అమ్మ పక్కనే గోడకి చేరబడి కూర్చునేది. ఒక రోజు ఆవిడే ఒక విశేషం కనిపెట్టింది.

"సూసినావా, మిగతా సుక్కలన్నీ పైకెల్లిపోతన్నాయి. మీ యమ్మ మాత్రం కదల్దు. నిన్నే సూత్తంది."

నిజమే. సముద్రం మీద పొడిచే చుక్క ఏదైనా కాసేపటికి ఆకాశంలోకి ఎక్కిపోతుంది. లంగరు వేసిన ఓడ ఉన్నచోటే ఉంటుంది. అది నక్షత్రం కాదనడానికి నా దగ్గరున్న రుజువే ఆవిడకి తన కూతురి ప్రేమకి రుజువైంది. దాని మీద ఏం వాదిస్తాను?

పిల్ల తండ్రి, మా మరిది, స్టీల్ ప్లాంటులో ఇనుము కరిగించే కొలిమి దగ్గర పనిచేస్తాడు. షిఫ్టుల ఉద్యోగం కాబట్టి పిల్లని మా దగ్గర ఉంచి తను క్వార్టర్స్‌లో ఒక్కడే ఉంటున్నాడు. ఆఫ్ రోజున వస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు కూతురు చెయ్యి పట్టి లాక్కెళ్ళి ఆ దీపాన్ని చూపించింది. చూశాడు. "ఔను నానా, మీ యమ్మే" అన్నాడు. పిల్ల దిగిపోయాక మెట్ల మీద నన్ను ఆపాడు.

"అది బొగ్గు ఓడ వదినా. మా ప్లాంటు కోసమే వచ్చుంటాది. ఇయ్యాలో రేపో లోపలికెల్లిపోక మానదు. అప్పుడు దీనికేటి సెప్తాం?"

"నాకు తెలీదు బాబూ."

"సెప్పాలి గదా ఎవులో ఒకలం."

"చెప్పాలి" అన్నాను. ఎవరు చెప్పాలో ఇద్దరికీ తెలుసు, చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు. ఆ ఓడకి రేవులో చోటు దొరకకూడదని నేను దణ్ణం పెట్టుకున్నాను. దేవుడి దగ్గరికెళ్ళి కోరికలు కోరేవాళ్ళంటే నాకు చిరాకు. అయినా సింహాచలం కొండ ఉన్న వైపు తిరిగి, ఆ బొగ్గు దిగకుండా చూడు స్వామీ అనుకున్నాను.

ఈ మధ్య మా సెంటర్ వాళ్ళు పాఠాలు రికార్డు చేసి ఫోన్లలో పెడుతున్నారు. నా పాఠాలు నేను ఇంట్లోనే, సాయంత్రాలు, పడగ్గది గోడకి ఒక నీలం దుప్పటి కట్టి రికార్డు చేస్తాను. ఆ వారం వంతు నక్షత్రాల జీవిత చక్రానిది. పరీక్షల్లో పెద్దగా మార్కులు రాని పాఠం. ఏళ్ళ తరబడి చెప్పడం వల్ల నోటికొచ్చేసింది, అంతా వాడుక మాటల్లోనే చెబుతాను. నక్షత్రం మొదట మబ్బు లాంటిది, ధూళీ వాయువూ తప్ప ఏమీ ఉండదు. తన బరువుకి తనే లోపలికి కుంగి, కుంగినకొద్దీ వేడెక్కి, ఒక దశలో అంటుకుంటుంది. అక్కడి నుంచి దాని బతుకంతా రెండు బలాల మధ్య. బరువు లోపలికి నొక్కుతుంటుంది, మంట బయటికి తోస్తుంటుంది. మంటకి ఇంధనం హైడ్రోజన్. అది కాలితే హీలియం వస్తుంది. మన సూర్యుడి లాంటి చిన్న నక్షత్రమైతే ఆ తర్వాత ఒకటి రెండు మెట్లలో చల్లారి, బూడిద ముద్దలా మిగిలిపోతుంది. పెద్ద నక్షత్రం అలా ఆగదు. హీలియాన్ని కాలుస్తుంది, దాంట్లోంచి వచ్చిన కార్బన్‌ని కాలుస్తుంది, ఆక్సిజన్‌ని, సిలికాన్‌ని, దొరికినదాన్నల్లా కాలుస్తూ పోతుంది. చివరికి కడుపులో ఇనుము చేరుతుంది. ఇనుము నుంచి మంట రాదు. దాన్ని కలిపినా, విడగొట్టినా వేడి ఇవ్వదు, పైగా మింగుతుంది. లోపల తోసేది ఆగిపోతుంది. అన్ని కోట్ల ఏళ్ళు నిలబడినది కన్ను మూసి తెరిచేలోగా లోపలికి కూలిపోతుంది, కూలి, పేలిపోతుంది. ఇక్కడికొచ్చేసరికి నేనెప్పుడూ ఒకే మాట చెబుతాను, పిల్లలకి గుర్తుండిపోతుందని. "నక్షత్రం కడుపులో ఇనుము చేరిందంటే, ఇక దాని పని అయిపోయినట్టే."

తలుపు అవతల మా పిల్ల నేల మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. రికార్డింగ్ బాగా రాలేదని ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చెప్పాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఓడ వెళ్ళిపోయింది. పిల్ల మేడెక్కింది, నేను కింద బట్టలు మడత పెడుతున్నాను. కాసేపటికి మా అమ్మ గొంతు వినిపించింది. "మబ్బడ్డొచ్చిందే, అంతే." నేను పైకి వెళ్ళి చూశాను. మబ్బు కాదు గదా, దూది పింజ కూడా లేదు. సముద్రం ఖాళీగా ఉంది. మా అమ్మ కళ్ళు చికిలించుకుని వెతుకుతోంది. కాస్త పైన మెరుస్తున్న నిజం చుక్కనొకదాన్ని చూపించి, "ఇదిగో, ఇక్కడికెల్లినాది" అంది.

"అది కాదు" అంది పిల్ల. అరవలేదు. ఏడవలేదు కూడా. కిందికి దిగి, పుస్తకాల సంచి సర్దుకుని, అన్నం వద్దని పడుకుంది. మర్నాడు కూడా సరిగ్గా తినలేదు. బడిలో ఎవరితోనూ మాట్లాడటం లేదని టీచరు ఫోన్ చేసింది. నేను పక్కన కూర్చుని అడిగితే, "ఏం లేదు పెద్దమ్మా" అనేది, పెద్ద మనిషిలా.

మా అమ్మకి అప్పుడు చెప్పాను, అది ఓడని. ఆవిడ నా మొహంలోకి చూసి, "ఓడైతే ఏటి?" అంది. "ఆ దీపం కాడే గదా గుంట అన్నం తిన్నాది." ఈసారి కూడా నేను వాదించలేదు.

ఆ వారం మరిది వచ్చాడు. పొద్దుటి షిఫ్టు దిగి, క్వార్టర్స్‌కి కూడా వెళ్ళకుండా, యూనిఫారంతోనే తిన్నగా మా ఇంటికి వచ్చాడు. చేతిలో మాడుగుల హల్వా పొట్లం ఉంది, పిల్లకి అదంటే ప్రాణం. పిల్ల ఆయన్ని చూసి గోడకి అంటుకుపోయింది. దగ్గరికి వెళ్ళబోతే లోపలి గదిలోకి పరిగెత్తింది. పొట్లం ముట్టలేదు. ఆయన నవ్వడానికి ప్రయత్నించి, "కోపమొచ్చినట్టుంది" అన్నాడు. స్నానం చేసి లుంగీ కట్టుకుని వచ్చాడు. మా అమ్మ ఆ యూనిఫారం తీసుకుని బకెట్‌లో నానబెట్టబోయింది.

పిల్ల గదిలోంచి ఉరికి వచ్చి ఆ బట్టల్ని ఆవిడ చేతుల్లోంచి లాగేసింది. బలంగా లాగింది, మా అమ్మ తూలి గోడ పట్టుకుంది.

"నువ్వు ముట్టుకోకు అమ్మమ్మా! దాని నిండా ఇనుమే!"

అది బట్టల్ని బాల్కనీలోకి విసిరేసి వచ్చి, రొప్పుతూ, అన్నీ కలిపి చెప్పింది. నాన్న బట్టలు అమ్మే ఉతికేది. నాన్న రోజూ ఇనుము దగ్గరే ఉంటాడు. అమ్మకి నీరసం వచ్చినప్పుడు ఐరన్ మాత్రలు తెచ్చింది నాన్నే, అమ్మ వద్దంటున్నా నోట్లో వేసి నీళ్ళు పట్టించేది నాన్నే. ఐరన్ అంటే ఇనుమే, బళ్ళో చెప్పారు. "చుక్క కడుపులో ఇనుము చేరితే చచ్చిపోతుందని పెద్దమ్మ చెప్పింది. ఫోన్‌లో చెప్పింది. అమ్మ చుక్కయ్యాక కూడా ఆ ఇనుము లోపలే ఉండిపోయింది. అందుకే మళ్ళీ చచ్చిపోయింది."

ఇన్నేళ్ళలో నా పాఠాన్ని ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు. ఒక్క మెట్టు కూడా వదలకుండా ఎక్కి అక్కడికి చేరింది. పెద్దవాళ్ళం ఇచ్చిన ముక్కలన్నీ వాడుకుంది, దానికి ఇవ్వని ముక్క ఒకటే, ఆ దీపం ఓడదని.

మరిది బాల్కనీలోకి వెళ్ళి, బట్టలు ఏరి, సంచిలో పెట్టుకుని, మెట్లు దిగిపోయాడు. నేను వెనకాల పరిగెత్తాను. కింద స్కూటర్ల మధ్య నిలబడి ఉన్నాడు.

"చిన్నపిల్ల బాబూ. దాని మాటలు పట్టించుకోకు."

"దానికిప్పుడొచ్చినాది వదినా ఆ అనుమానం. నాకెప్పుడో వచ్చినాది." గేటు చువ్వలు పట్టుకుని, నన్ను చూడకుండా మాట్లాడాడు. "రక్తంలో జబ్బనగానే నాను అదే అనుకున్నాను. నా బట్టలు, నా దుమ్ము, నా వల్లేనేమో అని. డాట్రు గారిని పక్కకి పిలిసి అడిగినాను. కాదయ్యా, దీనికీ దానికీ ఏటీ సమ్మందం నేదు, ఎవులికైనా రావొచ్చు అన్నారు. మల్లీ మల్లీ అడిగితే విసుక్కున్నారు కూడా. అయినా నిద్దర పట్టదు."

ఇన్నాళ్ళూ ఆ మాట ఆయన ఒంటరి క్వార్టర్స్‌లో ఎవరితోనూ అనకుండా మోస్తున్నాడు. ఆయన మీద జాలి, మా అందరి మీదా కోపం ఒకేసారి ముంచుకొచ్చాయి. చుక్కల్లో మనుషుల్ని చూపిస్తే బాధ తగ్గుతుందని మాకెవరు చెప్పారు? మనమంతా నక్షత్రాల ధూళితోనే తయారయ్యామని కొందరు మురిసిపోతూ చెబుతారు. అబద్ధం కాదు. ఏదో పాత నక్షత్రం పేలి చెదిరిన ఇనుమే ఈయన కొలిమిలో కరిగేదీ, మా చెల్లెలి రక్తంలో చాలక డాక్టర్లు మాత్రలు రాసిందీ. నేనూ క్లాసులో ఆ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్నదాన్నే. ఇంట్లో మనిషి పోయినప్పుడు అది ఎందుకూ కొరగాదు. నాకు నా చెల్లెలు కావాలి. దాని ధూళి కాదు.

"భీమిలి తీసుకెళ్దాం" అన్నాను. "ఎక్కడ కలిపారో చూపించి, నువ్వే చెప్పు."

మా చెల్లెలి అస్థికలు భీమిలిలోనే, గోస్తని నది సముద్రంలో కలిసే చోట కలిపారు. మరిదీ వాళ్ళన్నయ్యా వెళ్ళారు. మేం ఆడవాళ్ళం ఆ చోటు చూడనే లేదు. పైకి వచ్చి ఈ మాట చెప్పగానే మా అమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆడోలూ సంటిపిల్లలూ అలాటి కాడికి ఎల్లకూడదంది, దడుసుకుంటాదంది. "ఇప్పుడు దడుచుకోలేదా అమ్మా?" అన్నాను. మర్నాడు పొద్దున అందరికన్నా ముందు ఆవిడే చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది.

బస్సులో పిల్ల నా పక్కన కూర్చుంది, తండ్రికి దూరంగా. ఎక్కడికని అడిగింది. "అమ్మ గురించి నాన్న నీకు చెప్పాలి. అక్కడే చెప్పాలి" అన్నాను. ఎర్రమట్టి దిబ్బలు దాటేదాకా నా చేతి గాజులు తిప్పుతూ కూర్చుంది.

నది నోటి దగ్గర ఇసుక మేటలు వేసి ఉంది. ఒడ్డున వలలు ఆరేసుకుంటున్నారు. ఎండుచేపల వాసన గుప్పుమంటోంది. అమావాస్య రోజు కాదు కాబట్టి కర్మలు చేసేవాళ్ళెవరూ లేరు. మరిది నీళ్ళకి దగ్గరగా వెళ్ళి, అటూ ఇటూ చూసి చోటు గుర్తుపట్టాడు. ఇసుకలో కూలబడ్డాడు. అప్పుడు ఆయన మొహం పిల్ల మొహానికి ఎదురుగా వచ్చింది.

"అమ్మీ, మీ యమ్మ సుక్క అవ్వనేదు. మేడ మీంచి నువ్వు సూసినది ఓడ. దాని దీపం. అమ్మమ్మకి కళ్ళు సరిగ్గా ఆనవు గదా, సుక్కనుకున్నాది. మాకు తెల్సినా సెప్పనేదు."

పిల్ల మా అమ్మ వైపు చూసింది. మా అమ్మ తలూపింది.

"మీ యమ్మ సచ్చిపోనాది." ఆ మాట ఆయన నోటి వెంట రావడం నేను అప్పుడే విన్నాను. "ఒక్కసారే. మల్లీ సచ్చిపోనేదు. సచ్చిపోనోల్లని కాల్సుతారు. నిన్ను ఎదురింట్లో కూకోబెట్టినప్పుడు నాను ఎల్లి కాల్సినాను. ఆ బూడిద తెచ్చి ఇక్కడ కలిపినాను."

"ఇక్కడా?"

"ఇక్కడే."

పిల్ల నీళ్ళ వైపు చూసింది. నేను దాన్ని దగ్గరికి తీసుకోబోయి ఆగాను. అది అడగాల్సింది ఇంకా ఉందని మొహం చూస్తే తెలుస్తోంది.

"అమ్మకి నొప్పి పుట్టిందా?"

మేం ఎవరం ఊహించని ప్రశ్న అది. చుక్కకి నొప్పేమిటి, అందుకే ఇన్నాళ్ళూ అడగడానికి వీల్లేకపోయింది. మరిది ఒక్కసారి నా వైపు చూశాడు. నేను కళ్ళు దించుకోలేదు.

"పుట్టింది నానా. సానా పుట్టింది. ఆకర్న మందిచ్చి పడుకోబెట్టినారు. ఇంక అప్పుడు నేదు. నాను సెయ్యి పట్టుకునే ఉన్నాను."

"మరి నువ్విచ్చిన మాత్రలు?"

"అవి బలానికమ్మా. మీ యమ్మ రక్తంలో ఇనుము తక్కువైపోనాదన్నారు. ఇనుము లేకపోతే మనిషి నిలబడ్లేడు. అందుకే రోజూ మర్సిపోకుండా ఏసినాను. సరిపోనేదు నానా. ఎన్నేసినా సరిపోనేదు."

పిల్ల ఆయన దగ్గరికి నడిచింది. ఆయన భుజం మీద చొక్కా గుడ్డని గుప్పిట్లో పట్టుకుంది. ఆ తర్వాత నోరు తెరిచి ఏడ్చింది. వాళ్ళమ్మ పోయాక అది ఏడవడం అదే మొదలు. వలల దగ్గరున్నవాళ్ళు కూడా పని ఆపి చూశారు. మరిది దాన్ని పొదివి పట్టుకుని తనూ ఏడ్చాడు.

ఎవరు ఏడ్చినా ఊరుకోమనడం మా వాళ్ళకి అలవాటు. చావింట్లో మా అమ్మ నన్ను ఊరుకోమంది, నేను ఆవిడని ఊరుకోమన్నాను, వచ్చినవాళ్ళందరూ ఇద్దర్నీ ఊరుకోమన్నారు. ఇప్పుడు కూడా ఆవిడ చెయ్యి చాపి ముందుకి వంగేసరికి ఆ మాటే అంటుందనుకున్నాను. ఆవిడ ఆ చెయ్యి పిల్ల వీపు మీద వేసి, తనూ ఇసుకలో కూర్చుంది.

"ఏడవ్వే తల్లీ," అంది. "ఎంతొత్తే అంత ఏడువు."